తలుపుకు ఇవతల

మేస్త్రి పోయాడని నాకు చెప్పింది లాకుల దగ్గర పడవలు కట్టే మనిషి. పొద్దున్నే ధవళేశ్వరం కాలవ ఆఫీసుకు నడిచి వెళుతున్నాను. అతను తాడు చుట్టుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు:

"మీ మేస్త్రిగారు వెళ్లిపోయేరండి. తెల్లారి చూద్దును కదా, పడవలో అలాగే కూర్చుని ఉన్నారు."

"కూర్చునా?"

"కూర్చునేనండి. పడుకోగా ఆయన్ని నేనెప్పుడూ చూళ్లేదు."

నేనూ చూడలేదు. చివరి సంవత్సరాలన్నీ ఆయన ఒక పాత ఇసక పడవలోనే ఉన్నాడు. దానికి పైన కప్పు వేయనివ్వలేదు. వాన వస్తే తాటాకు గొడుగు నెత్తిమీద పెట్టుకుని కూర్చునేవాడు. ఊళ్లో వాళ్లు ఆయన్ని పిచ్చివాడి కింద జమకట్టారు. అందుకు వాళ్లు చూపించే కారణం ఒక్కటే: మూసిన తలుపుకు ఇవతల ఆయన నిలవలేడు. పూటకూళ్లమ్మ ఇంట్లో భోజనమైనా వీధి అరుగు మీదే. గుడికి వెళితే, పూజారి గర్భగుడి తలుపులు దగ్గరకు వేసే వేళకు ఆయన వీధి మలుపు తిరిగి ఉండేవాడు.

ఒకసారి జోరువానలో తడుస్తుంటే బలవంతంగా మా ఇంటికి తీసుకొచ్చాను. అన్నం పెట్టింది మా ఆవిడ. జల్లు లోపలికి కొడుతోందని తలుపు వేసింది. ఆయన ఎంగిలి చేత్తోనే లేచి, ఎడమ చేత్తో తలుపు బార్లా తెరిచి, వచ్చి మళ్లీ విస్తరి ముందు కూర్చున్నాడు. వాన చినుకులు ఆయన అన్నంలో పడుతున్నాయి. "ఏమీ అనుకోకండమ్మా," అన్నాడు. ఆ తడి అన్నమే తిన్నాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. చెల్లెలు ఇంకా ఈ ఊళ్లోనే ఉంది. ఆ పేరు తన చెవిన పడకూడదని ఆమె అందరికీ చెప్పుకుంది.

నేను ఆయన్ని ఎరిగింది గనిలో. అప్పటికి గోదావరి మీద రైలు వంతెన లేదు. రాజమండ్రి రేవులో పడవెక్కి ఎగువకు పోతే, కొండలు రెండు వైపుల నుంచీ నదిని నొక్కే చోటు దాటాక, ఒక బోడి కొండ వస్తుంది. చుట్టూ అడవి ఉన్నా దాని నడినెత్తి మీద గడ్డి కూడా మొలవదు. అక్కడ ఎవరో, ఏ కాలం వాళ్లో, రాగీ వెండీ తవ్వుకుని పోయారు. కరిగించి పారబోసిన చిట్టెం నల్లటి గాజుపెంకుల్లా గుట్టలు పడి ఉండేది. ఒక కంపెనీ వచ్చి ఆ పాత గోతుల్ని మళ్లీ తెరిచింది. కాలవ ఆఫీసులో ఉద్యోగం వదులుకుని నేను అక్కడికి పటాలు గీయడానికి వెళ్లాను.

పటాలు గీసినవాణ్ణి కనక ఆ కొండ కడుపు నాకు ఇప్పటికీ కంటికి కట్టినట్టు ఉంటుంది. నల్లటి గట్టి రాయి మధ్యలోంచి, నిటారుగా నిలబెట్టిన పలకలా, తెల్లటి పలుగురాతి చార ఒకటి కిందికి దిగిపోయింది. లోహమంతా ఆ చారలోనే. పైన, వాన తడి అందినంత మేర, రాయి ఆకుపచ్చగా, అక్కడక్కడ నెమలి మెడ రంగులో ఉండేది. చిలుం పట్టిన రాగి చెంబు రంగు. లోతుకు పోతే ఆ పచ్చదనం పోయి ఇత్తడిలా మెరిసే రాయి వస్తుంది. దాని పక్కనే సీసపు రాయి. అది బూడిద రంగులో, చేతికి బరువుగా, కొడితే చిన్న చిన్న గళ్లుగా విరుగుతుంది. వెండి ఆ సీసంలో కలిసి ఉంటుంది. ఓసారి గని నడిపే కంపెనీ దొర దోసెడు సీసపు రాయి కరిగించి, ఎముకల బూడిదతో చేసిన మూసలో సీసాన్నంతా మండించి పోగొట్టి, అడుగున మిగిలిన వెండి పూసను మేస్త్రి అరచేతిలో పెట్టాడు. ఆవగింజకంటె కాస్త పెద్దది. మేస్త్రి దాన్ని అటూ ఇటూ దొర్లించి చూశాడు.

"ఇంత కొండకి ఇంతేనా అండీ! ముక్కుపుడక్కి కూడా రాదే!"

అని పకపకా నవ్వాడు. తన మాటకు తనే ముందు నవ్వడం ఆయన అలవాటు. అప్పట్లో బాగా నవ్వేవాడు.

పాతవాళ్లు ఆ రాతిని నిప్పుతో తవ్వారు. గోడకు కట్టెలు పేర్చి మంటపెట్టి, రాయి ఎర్రగా కాగాక నీళ్లు కొడితే పెళ్లలుగా విడిపోతుంది. వాళ్ల సొరంగాల పైకప్పు మసి ఇంకా వేలికి అంటుకునేది. మనిషి బోర్లా పాకితే తప్ప దూరలేనంత ఇరుకు దారులవి. లోతున ఊట నీళ్లు తగిలేసరికి వాళ్లు ఆగిపోయారు. వాళ్లు వదిలేసిన గోతులు ఎన్నో వానాకాలాల నీళ్లతో నిండి, చీకట్లో అలాగే నిలిచి ఉన్నాయి. ఎక్కడెక్కడ ఉన్నాయో పూర్తిగా ఎవరికీ తెలియదు. నేను వాటిని పటంలో చుక్కల గీతలతో చూపించేవాణ్ణి. చుక్కల గీతంటే ఊహ అని అర్థం.

మేస్త్రి ధవళేశ్వరం మనిషి. తండ్రి ఆనకట్టకు రాళ్లు కొట్టిన కూలీల్లో ఒకడు. గనిలో మేస్త్రి కింద పనిచేసిన వాళ్లు చాలామటుకు తుఫానుకు పడవలూ వలలూ పోగొట్టుకుని వచ్చిన పల్లెకారులు, చుట్టుపక్కల కొండల్లోని కోయవాళ్లు. సముద్రం మీద పెరిగినవాణ్ణి కొండ లోపలికి దింపడం తేలిక కాదు. ఆయన బతిమాలేవాడు, వేళాకోళమాడేవాడు, చెయ్యి పట్టుకుని నడిపించేవాడు. చెయ్యి చేసుకోవడం నేను చూడలేదు. కొండను "ముసల్ది" అనేవాడు. సొరంగంలోకి అడుగు పెట్టగానే గోడకు చేతి వెనక వైపు ఆనించేవాడు, జ్వరం చూసినట్టు. "ముసల్ది ఇవాళ కులాసాగా ఉంది, పదండి," అనేవాడు. దానివల్ల ఏం తెలిసేదో నాకు తెలియదు. ఆయనకూ తెలియదనుకుంటాను. లోపలికి పోయేవాళ్లకు మాత్రం ఆ మాట కావాలి.

తలపాగా విషయంలో చాలా పట్టుదల మనిషి. గంజి పెట్టిన తెల్ల తలపాగా లేకుండా గనిలోకి దిగేవాడు కాదు. సాయంత్రానికి దాని మీద పచ్చటి మరకలు పడేవి. ఆ పచ్చ అందరికీ పట్టేది. గోళ్లలో, చంకల్లో, నెరిసిన జుట్టున్న వాళ్లకు జుట్టులో. గనిలో కారే నీళ్లు మైలుతుత్తం కలిసి నీలంగా ఉండేవి. వాటిలో నిలబడి పనిచేసే వాళ్ల కాలివేళ్ల సందులు పుళ్లు పడేవి. ఆ నీళ్లలో ఇనప మేకు పడేసి కొన్నాళ్లుంచితే ఎర్రటి రాగి పూత పట్టుకుంటుంది. మేస్త్రి అలాంటి మేకుల్ని జేబు నిండా వేసుకుని, గంపలు మోసే ఆడవాళ్లకు పంచేవాడు. "మీ ఆయన చేయించని నగలు నేను చేయించేనే," అనేవాడు. వాళ్లు నోటికొచ్చినట్టు తిట్టి, మేకులు కొంగున కట్టుకునేవాళ్లు.

సాయంత్రం పని దిగాక ఆయన సొరంగం నోటి దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేవాడు. ఎదురుగా కనబడుతున్న మనిషిని కూడా పిలిచేవాడు. వాడు "ఆఁ" అనాలి. అనకపోతే ఒప్పుకునేవాడు కాదు.

ఆ సొరంగం కొంత దూరం పోయాక రెండుగా చీలుతుంది. ఎదురుగా పోయే దారి పాత గోతుల వైపు వెళుతుంది. ఎప్పుడైనా నీళ్లు పడితే మూసేందుకని దొర ఆ దారి మొదట్లో టేకు పలకల తలుపు పెట్టించాడు. పక్క దారి వాలుగా కిందికి దిగుతుంది. రాయి కొట్టే మగవాళ్లు, మోసే ఆడవాళ్లు, మంది అంతా అక్కడ అడుగునే. ఎదురు దారిలో నీళ్లు పడ్డాయా, ముందుగా దూకేది ఆ దిగుడులోకే.

నీళ్లున్నాయేమో తెలుసుకోవడానికి ముందుగా పొడుగాటి ఉలితో బెజ్జం వేసి చూసేవాళ్లు. ఆ రోజుల్లో వేసిన బెజ్జాలన్నీ పొడిగానే వచ్చాయి. అవి రెండు పాత గోతుల మధ్య సందులోంచి పోయాయని తరవాతెప్పుడో తెలిసింది.

ఆ పొద్దున నేను చీలిక దగ్గర కొలతలు తీసుకుంటున్నాను. మేస్త్రి నా పక్కనే నిలబడి ఉల్లిపాయ కొరుకుతున్నాడు. ఎదురు దారి చివర ముగ్గురు పనిచేస్తున్నారు. ఒకడు కోయవాడు. ఒకడు నూకరాజు, సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చినవాడు. మూడో మనిషి మేస్త్రి చెల్లెలి మొగుడు.

ముందు గాలి వచ్చింది. దీపాలు ఒక్కసారిగా వెనక్కి వాలి ఆరిపోయాయి, మా చేతిలోది తప్ప. తరవాత చప్పుడు. తరవాత చీకట్లోంచి రాళ్లను దొర్లించుకుంటూ నీళ్లు మోకాలెత్తున వచ్చాయి.

"బావా!" అని అరిచాడు మేస్త్రి. నీళ్ల హోరు తప్ప ఏమీ లేదు. ఇంకోసారి అరవలేదు. నన్ను దిగుడు వైపు తోశాడు. "కిందికి పొండి బాబూ! అందర్నీ పైకి తోలండి!"

నేను వెళ్లేటప్పుడు వెనక్కి చూశాను. ఆయన తలుపుకు భుజం ఆనించి, తల వంచి తోస్తున్నాడు. తలపాగా నీళ్లలో కొట్టుకుపోతోంది.

కింద ఉన్నవాళ్లందరూ బతికారు. నడుం లోతు నీళ్లలోంచి ఒకరి కొంగు ఒకరు పట్టుకుని పైకి వచ్చారు. తలుపు వేయకపోతే ఒక్కరూ వచ్చేవారు కాదు. నేను వాళ్లను బయట పెట్టి తిరిగి వచ్చేసరికి మేస్త్రి తలుపుకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. పలకల సందుల్లోంచి నీళ్లు ఆయన భుజాల మీద చిమ్ముతున్నాయి.

"ఇనండి," అన్నాడు.

విన్నాను. అవతల నుంచి, తలుపు పైభాగాన, టక్ మని ఒక దెబ్బ. కాస్సేపటికి రెండు. మళ్లీ ఒకటి.

మేస్త్రి సుత్తి కామతో తలుపును మూడుసార్లు కొట్టాడు. ఆగాడు. అవతల మళ్లీ టక్ మంది. ఆయన మొహం నేను చూడలేకపోయాను.

దొర వచ్చి చెవి ఆనించి విన్నాడు. తలుపు అడుగున బెజ్జం వేయించి నీళ్లు దింపాలని చూశారు. బురదా రాళ్లూ వచ్చి పూడుకుపోయింది. తెరిస్తే వెనక ఉన్న నీళ్లకు ఎవరూ మిగలరు. చేసేదేమీ లేదని తెలిశాక ఒక్కొక్కరే బయటికి పోయారు. మేస్త్రి కదలలేదు. అవతల దెబ్బ పడ్డప్పుడల్లా ఇవతల కొట్టేవాడు.

ఇక ఉండబట్టలేక అడిగాను. "ఎందుకు మేస్త్రీ జవాబివ్వడం? తెరుస్తామనుకుంటారు కదా?"

"అనుకోనివ్వండి. ఇవతల ఎవరూ లేరనుకునే కంటే నయం కదండీ."

దీపాలు పెట్టే వేళకు దెబ్బలు పలచబడ్డాయి. తరవాత ఆగిపోయాయి. ఆయన ఇంకా కొంతసేపు కొట్టి, సుత్తి కింద పెట్టాడు.

కోయవాడి మనుషులు వాళ్లంతట వాళ్లే వచ్చి, సొరంగం నోటి దగ్గర కోడిని కోసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయారు. మిగతా రెండు ఇళ్లకూ కబురు చెప్పడానికి మేస్త్రినీ నన్నూ పంపారు. ముగ్గురూ ఆ క్షణంలోనే పోయారని చెప్పమన్నాడు దొర. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు.

"నేను ఇన్నానండి. ఇన్నది ఇనలేదని ఎలా చెప్పను?"

చెల్లెలి ఇంట్లో ఎక్కువసేపు పట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "తలుపు వేసింది నేనేనమ్మా." ఆమె అన్నగారి మొహంలోకి చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి, ఇంట్లోకి పోయి, గడియ పెట్టుకుంది. అంతే. ఆ తరవాత ఆమె ఆయనతో మాట్లాడగా ఎవరూ వినలేదు.

నూకరాజు ఊరు గోదావరి సముద్రంలో కలిసే చోటు. అతని భార్య సత్తెమ్మ చేపలు ఆరబెడుతోంది. గుమ్మంలో ముసలి తల్లి, చూపు పోయిన మనిషి, స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. మేస్త్రి అంతా చెప్పాడు. సత్తెమ్మ ఏడవలేదు, అడిగింది.

"కేకేశాడా?"

"కేక వినపడలేదమ్మా. తట్టడమే."

"ఎంతసేపు?"

"దీపాలు పెట్టేదాకా."

"ఎలా తట్టేడో తట్టి చూపించు."

మేస్త్రి నా వైపు చూశాడు. తరవాత వంగి, గుమ్మం స్తంభాన్ని వేలి కణుపులతో కొట్టాడు. ఒకటి. ఆగి రెండు. మళ్లీ ఒకటి. ముసలామె స్తంభానికి చెయ్యి ఆనించింది. "నా కొడుకేనే. చిన్నప్పుడూ తలుపు ఇలాగే కొట్టేవోడు," అంది. అప్పుడు సత్తెమ్మ ఇసకలో కూలబడింది. కాస్త తేరుకున్నాక మేస్త్రితో, "ఇంక ఈ వాకిట్లోకి రాకు," అంది.

కంపెనీ గని మూసేసింది. నేను మళ్లీ కాలవ ఆఫీసులో చేరాను. మేస్త్రి పడవలో కాపురం పెట్టాడు. ఎవరైనా పలకరిస్తే మాట్లాడేవాడు. తనంతట తను నవ్వడం మాత్రం పోయింది.

కొన్నేళ్లకు ఇంకెవరో ఆ గని కొనుక్కుని, ఆవిరి యంత్రం పెట్టి నీళ్లు తోడించారు. దారులు చూపించడానికి మా ఇద్దరినీ పిలిపించారు. ఆయన రాడనుకున్నాను. వచ్చాడు. అప్పటికి రాజమండ్రి దగ్గర వంతెన స్తంభాలు నీళ్లలోంచి లేస్తున్నాయి. పడవ వాటి మధ్య నుంచి పోతుంటే వాటి వైపు చూడను కూడా చూడలేదు.

తలుపు ఊడదీశారు. లోపల బురద మడమ లోతున ఉంది. తలుపు వెనక ఎముకలు ఉంటాయని అందరం అనుకున్నాం. లేవు. మేస్త్రి దీపం పట్టుకుని ముందు నడిచాడు. దారి చివర, రాయి తవ్వుతున్న చోటే, పాత గోతి గోడ మొత్తం విరిగి పడి ఉంది. రాళ్లు తీయిస్తే ముగ్గురూ వాటి కిందనే ఉన్నారు. ఒకడి చేతి ఎముకల్లో ఉలి ఇంకా ఉంది. వాళ్లు ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. వేసేంత వ్యవధి లేకపోయింది.

మేస్త్రి దీపం వంచి ముగ్గురినీ చూశాడు. తరవాత తలుపు దగ్గరకు తిరిగి వచ్చి, దాని లోపలి వైపు పైన దీపం పెట్టి చూశాడు. టేకు పలకలో గుప్పెడంత గుంట పడి ఉంది. కింద బురదలో, పైకప్పుకు ఆనించే గుంజ ఒకటి పడి ఉంది. దాని కొన నలిగి గుండ్రంగా అయింది. ఆయన దాన్ని ఎత్తి ఆ గుంటకు ఆనించాడు. సరిపోయింది. నీళ్లు సర్దుకునేదాకా, పైన తేలుతూ, ఆ గుంజ తలుపును కొడుతూనే ఉందన్నమాట.

"దుంగండి," అన్నాడు మేస్త్రి. "నేను దుంగతో మాట్లాడేనండి."

"పోనీలే మేస్త్రీ, వాళ్లు బాధ పడలేదు. మంచిదే కదా?" అన్నాను.

"మంచిదేనండి. మరి ఆవిడకి ఏం చెప్పేను నేను!"

రాజమండ్రిలో దిగకుండా ఆ పడవలోనే సముద్రం దాకా పోదామన్నాడు. నేనూ వెళ్లాను. వాకిట్లోకి రావద్దని సత్తెమ్మ అన్న మాట ఆయన మరిచిపోలేదు. కంచె బయట నిలబడి పిలిచాడు. ఆమె వచ్చింది. జుట్టు నెరిసింది. ఆయన చెప్పింది మొత్తం విని, చేతిలోని బుట్ట అంచు గిల్లింది.

"అయితే ఇన్నేళ్లూ నేను వింటున్నది దుంగ చప్పుడా?"

"అవునమ్మా. నేనే తప్పు చెప్పేను."

"నిద్రలో కూడా వింటున్నాను. వండుతుంటే వింటున్నాను. ఎవరు తలుపు తట్టినా గుండె జారిపోతోంది."

ఆయన తల వంచుకున్నాడు. ఆమె తిడుతుందనుకున్నాను. గొంతు తగ్గించి, వెనక్కి ఇంటి వైపు చూసింది. గుమ్మంలో ముసలామె కూర్చుని, చేతికర్రతో స్తంభాన్ని మెల్లగా కొడుతోంది. కొట్టి, ఆగి, చెవి ఒగ్గుతోంది. మళ్లీ కొడుతోంది.

"రోజూ సాయంత్రం ఆవిడకి ఇదే పని," అంది సత్తెమ్మ. "కొడుక్కి జవాబు చెబుతోంది. నాకు చెప్పావు, చాలు. మా అత్తకి చెప్పకు."

"చెప్పనమ్మా."

"ఇంకెవరికీ చెప్పకు."

చెప్పలేదు. చెల్లెలికి కూడా చెప్పలేదు. చెబితే ఆమె మనసు మారేదేమో. నేను ఆ మాట అంటే, "చెల్లికి చెబితే ఊరికి తెలుస్తుందండి, ఊరికి తెలిస్తే ఆ ముసలమ్మకి తెలుస్తుంది," అని ఊరుకున్నాడు. అప్పటి నుంచి పోయేదాకా, మూసిన తలుపు దగ్గర ఆయన తత్తరపాటు అలాగే ఉంది. నిజం తెలిసినా తగ్గలేదు.

చెల్లెలి గడప దగ్గరికి నేనే వెళ్లి ఆయన పోయిన కబురు చెప్పాను. గడియ తీసిన చప్పుడు కాలేదు. గోదావరి ఒడ్డున ఆయనకు నిప్పు పెట్టింది ఆ పడవలు కట్టే మనిషి.

సత్తెమ్మకు కూడా చెప్పాలనిపించింది. వెళ్లేసరికి పెద్దల అమావాస్య. పెరట్లో రెండు అరిటాకులు వేసి ఉన్నాయి. ఒక దానిలో అన్నం, చేపల పులుసు వడ్డిస్తోంది. రెండోది ఖాళీగా ఉంది. మేస్త్రి పోయాడన్నాను.

"తెలిసింది. పడవలోళ్లు చెప్పేరు," అంది.

గుమ్మంలోంచి ముసలామె తల తిప్పింది. "రెండు ఆకులు పరిచిన చప్పుడైందే. రెండోది ఎవరికే?"

"మేస్త్రికి, అత్తా."

ముసలామె చేతికర్ర పక్కన పెట్టింది.

"నా కొడుకుతో ఆ రోజంతా మాట్లాడినోడు. వాడికి పెద్ద ముక్క వెయ్యవే."

సత్తెమ్మ నా మొహంలోకి ఒకసారి చూసింది. తరవాత దాకలో గరిట పెట్టి, వెతికి, పెద్ద ముక్క తీసి రెండో ఆకులో వేసింది.